పది రోజుల గరగర

ఆ ఉదయం ఎనిమిదింటికి తమ్ముడి నోట ఒక్క మాట వినాలని గుమ్మడిదల ఊళ్లో ఉండే రిటైర్డ్ సైన్సు మాస్టారు సుందర్‌రాజు గట్టిగా అనుకున్నాడు. ఆ రోజు వాళ్లమ్మ వర్ధంతి. కొన్నాళ్ల కిందట అమ్మ సమాధి రాయి మీద ఏ వాక్యం చెక్కించాలన్న గొడవలో ఆయన తమ్ముడు చార్లీ మీద చెయ్యి చేసుకున్నాడు. అప్పటి నుంచి జోగిపేటలో ఉండే చార్లీ ఫోన్ ఎత్తడు, వెళితే తలుపు తియ్యడు. అన్నదమ్ములిద్దరికీ దూరం నుంచే మాట్లాడుకునే, లైసెన్సున్న షార్ట్‌వేవ్ రేడియోలున్నాయి. రోజూ ఎనిమిదింటికి చార్లీ సెట్టు ముందు కూర్చోవడం మాత్రం మానలేదని చార్లీ భార్య ఎల్సీ చెప్పింది.

పది రోజులుగా సుందర్‌రాజు రేడియోలో క్షమాపణ చెబుతూనే ఉన్నాడు. జవాబుగా గరగర తప్ప ఏమీ రావడం లేదు. అలాంటి గరగర కరెంటు తీగల్లోంచే వస్తుందని, తన ఇంటిది మాత్రం కాదని ఆయన నమ్మకం. పది రోజుల కిందటే సోలార్ పలక, దాని కింద కరెంటు మార్చే డబ్బా, బ్యాటరీ పెట్టించి ఇంటికి కరెంటు తీగతో సంబంధమే తెంపేశాడు మరి.

ఆరింటికే చిన్న ట్రాన్సిస్టర్ పట్టుకుని, దాని ఏరియల్‌ను ఇంటింటి వైపూ తిప్పుతూ బయలుదేరాడు. అది చూసిన పక్కింటి సంగమ్మ లోపలికి పరుగెత్తి సీసాతో వచ్చింది.

"సారూ, మా బోరు నీళ్లు గూడ జెర సూడు. పసుపు లెక్క వస్తున్నయి."

"గిది రేడియో సంగమ్మా. గరగర ఎక్కడికెల్లి వస్తుందో సూస్తున్న."

"చెప్పొద్దని మీకు ఆర్డర్ ఉంటది గద. మేం ఎవ్వలికి చెప్పం."

చెప్పనన్న సంగమ్మ వీధంతా చెప్పింది. ఫ్యాక్టరీ పొల్యూషన్ కొలిచే పని సర్కారు సైన్సు సారుకే అప్పజెప్పిందట. ఏడింటికల్లా ఆయన వెనుక ముప్పై మంది, ముప్పై సీసాలు. ఊరి చివరి మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర మేనేజర్ దుర్గాప్రసాద్ ఎదురొచ్చాడు.

"సార్, బాయిలర్లు ఆపేశాం. రిపోర్టులో ఏమీ రాయకండి."

సుందర్‌రాజు ఏరియల్ అటు తిప్పాడు. "ఇంకా వస్తుంది," అన్నాడు దిగులుగా.

దుర్గాప్రసాద్ జనరేటర్ ఆపించాడు. అప్పటికీ మాస్టారి ముఖం చూసి ఫ్యాక్టరీ మొత్తం బంద్ పెట్టించాడు. కాసేపటికి ఊళ్లో ఫ్యాక్టరీ వాసన తగ్గింది. ఎన్నాళ్లకో గుండెల నిండా గాలి పీల్చుకుని సంగమ్మ కళ్లు తుడుచుకుంది. గరగర మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. సుందర్‌రాజుకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇంటికొచ్చేసరికి ఎనిమిదికి ఐదు నిమిషాలు తక్కువ. భార్య సుకుమారి గుమ్మంలోనే చెప్పింది.

"దుప్పటి ఉతికి మీ సోలార్ పలక మీద ఆరేసిన. అప్పటి సంది రేడియో సప్పుడు చేస్తలేదు. ఖరాబైందా ఏంది?"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాడన్నమాట. ఎండ తగిలితే ఆ పలక కింది డబ్బాయే గరగరమంటోంది. మాస్టారు ఆత్రంగా మైకు అందుకున్నాడు.

"చార్లీ, అన్నను. కొట్టుడు నాదే తప్పు. రాయి మీద నువ్వన్న వాక్యమే చెక్కిద్దాం. పది దినాలు గరగరల నీ జవాబు వినవడలే. ఇప్పుడు చెప్పు."

పక్క గదిలోంచి మాట్లాడినంత స్పష్టంగా చార్లీ గొంతు వచ్చింది.

"నీ మాట నాకు పది దినాల సంది సాఫ్‌గనే వినవడ్తుందన్నా. నేనే ఏం చెప్పలే."

ఆ తర్వాత సెట్టులో చిన్న చప్పుడు కూడా లేదు. ఎనిమిదిన్నర దాకా ఎదురుచూసిన సుందర్‌రాజు బయటికి వెళ్లి, తడి ఆరని దుప్పటిని పలక మీంచి తీసేసి, మళ్లీ వచ్చి గరగర ముందు కూర్చున్నాడు.