కుంకుమబొట్టు కింద ఇంజన్ లైటు

ఇంజన్ లైటు వెలగని బండి మీద తిరిగేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ల బండికి వాళ్లతో చెప్పుకోవడానికి ఒక్క మాట కూడా లేదు! తాళం తిప్పుతారు, పోతారు, వస్తారు. అదీ ఒక బతుకేనా?

నా బండి అలాంటిది కాదు. మీటర్ మూలన పసుపుపచ్చ రంగులో చిన్న ఇంజన్ బొమ్మ. నాలుగు నెలలు నాతో మాట్లాడుతూనే ఉంది. ఈ ఊళ్లో అంత శ్రద్ధగా నా వైపు చూసినవాళ్లు ఇంకొకరు లేరు.

నా పేరు సాంబశివరావు. సొంతూరు తెనాలి దగ్గర. పద్దెనిమిదేళ్లుగా జహీరాబాద్‌లో ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. ఎక్కడో వెంట్రుకంత గీత కనబడితే ఎర్ర స్టిక్కర్ అంటించి పక్కన పెట్టించడం నా ఉద్యోగం. నా కన్ను కప్పి ఒక్క లోపం కూడా బయటికి పోలేదని నేనే అందరికీ చెబుతుంటాను. ఇంకెవరూ చెప్పరు కాబట్టి.

ఇంతటి కన్నున్న మనిషి జూన్‌లో ఆన్‌లైన్‌లో ఒక సైలెన్సర్ కొన్నాడు.

ఎందుకు కొన్నానంటారా? నలభై ఎనిమిదేళ్లు వచ్చాయి. నేను వస్తున్నానంటే వీధి చివరి దాకా తెలియాలని ఒక్కసారైనా అనిపించదా? కంపెనీవాడిచ్చిన సైలెన్సర్ పిల్లి నడిచినట్టుండేది. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా తలెత్తేవాడు కాదు.

పెట్టె మీద బొమ్మలో బండికి చక్రాలు లేవు. ముందు రెండు పొడవాటి చెక్కల్లాంటివి, వెనక బెల్టు. చుట్టూ తెల్లగా ఉంది. కొత్త డిజైన్ కాబోలనుకున్నాను. చుట్టూ ఉన్నది మంచు అనీ, అది మంచు మీద పరుగెత్తే బండికి చేసిన సైలెన్సర్ అనీ మా మెకానిక్ శంకరప్ప చెప్పేదాకా నాకు తెలియదు. శంకరప్పది బీదర్ వైపు. మంచు ఆయనా చూడలేదు. కానీ ఆయన పెట్టె మీద అక్షరాలు చదివాడు.

"సార్, ఇది మన బండ్లకు కాదు. సెన్సార్ కూసునే జాగనే లేదు దీంట్ల. వాపస్ చేయుండ్రి" అన్నాడు.

వాపస్ చేసే తేదీ దాటిపోయింది. పైగా ఒక ఇన్‌స్పెక్టర్ తను కొన్న సరుకును తానే రిజెక్ట్ చేసుకుంటే పరువేం కావాలి? వెల్డింగ్ చేసి బిగించమన్నాను. పాత పైపులో కూర్చుని పొగను చూసి ఇంజన్‌కు కబురు చెప్పే సెన్సార్‌కు కొత్త పైపులో చోటు లేక, దాన్ని ఒక వైరుతో కట్టి గాలికి వేలాడదీశాడు శంకరప్ప. నన్ను తిట్టలేక దాన్ని కాస్త గట్టిగానే కట్టాడు.

స్టార్ట్ చేశాను. ఆహా! వీధిలో మూడు కుక్కలు లేచాయి. ఎదురింటి బీరమ్మ గేటు దాకా వచ్చింది. "ఏంది సారూ, ట్రాక్టర్ కొన్నవా?" అని అడిగింది. అంతటి గుర్తింపు నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా రాలేదు.

మర్నాడే పసుపుపచ్చ లైటు వెలిగింది.

అప్పటి నుంచి నాకు ఎన్ని లాభాలో చూడండి! ముందు స్నేహాలు పెరిగాయి. ఆదివారం ఆదివారం శంకరప్ప షెడ్డులో స్టూలు మీద నా చోటు ఖాయమైంది. బ్యాటరీ వైరు తీసి పెట్టమని ఒకాయన చెప్పాడు. మర్నాటిదాకా లైటు పోయింది, తర్వాత మళ్లీ వచ్చింది. పెట్రోల్ బంకు మార్చమన్నాడు ఇంకొకాయన. వికాస్ అనే కుర్ర ఇంజనీరు స్కానర్ పెట్టి చూశాడు. "సెన్సార్ గాలిని చూస్తున్నది సార్, ఇంజన్‌కు పెట్రోల్ సాల్తలేదు అనుకొని ఇంకా పోస్తున్నది" అన్నాడు. శంకరప్ప మాత్రం ప్రతివారం ఒకటే మాట. "పాత సైలెన్సర్ ఎక్కియ్యుండ్రి సార్, లైట్ పోతది."

ఇంత తేలిక ఉపాయాన్ని ఎవరైనా పాటిస్తారా?

రెండో లాభం, ఇంట్లో సంభాషణ. మా ఆవిడ ఝాన్సీకి ఒక అలవాటుంది. నేను తాళం తీస్తే చాలు, హెల్మెట్ పెట్టుకున్నారా, పెట్రోల్ చూసుకున్నారా, బీపీ మాత్ర వేసుకున్నారా అని వరసగా అడుగుతుంది. ఇప్పుడు దానికి నాలుగోది చేరింది. "ఆ లైటేమిటండీ, అలా వెలుగుతోంది?" "అది అలాగే వెలగాలి, కొత్త మోడల్" అన్నాను. నమ్మలేదు. రోజూ అడిగింది.

ఆ ప్రశ్న పడలేకపోయాను. దసరా వచ్చింది.

ఆయుధపూజ నాడు బండి కడిగి, నిమ్మకాయలు పెట్టి, ఝాన్సీ పసుపు కుంకుమలతో వచ్చింది. నేను మీటర్ అద్దం మీద సరిగ్గా ఆ లైటున్న చోట వేలు పెట్టి, "ఇక్కడ పెట్టు. కాస్త పెద్దది పెట్టు" అన్నాను. తడి గంధం మీద రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. ఎప్పుడూ పూజలో ఆవలించే మనిషికి ఇంత భక్తి ఎక్కడిదా అని మురిసిపోయింది కూడా.

పూజచేసిన బొట్టును తుడిచేవాడెవడండీ? శంకరప్ప కూడా చేయి పెట్టలేదు. లైటు పోయిందనుకుని ఝాన్సీ ఆ నాలుగో ప్రశ్న మానేసింది. రాలిపోతున్నట్టుంటే శుక్రవారం పొద్దున్నే నేనే మళ్లీ పెట్టేవాణ్ణి. మా ఫ్యాక్టరీలో ఎవడైనా లోపం మీద రంగు పూస్తే వాడికి మెమో ఇప్పించేది నేనే. నాకు మెమో ఇచ్చేవాళ్లు లేరు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఝాన్సీ ఎమ్మెస్సీ మ్యాథ్స్. పిల్లలు, నా షిఫ్టులు, నా తల్లి మంచం, వీటి మధ్య పదహారేళ్లు బడి మొహం చూడలేదు. దీపావళి అయ్యాక కోహీర్‌లో ఒక స్కూల్ నుంచి పిలుపు వచ్చింది. తొమ్మిదిన్నరకు డెమో క్లాసు. వారం రోజులు వంటింట్లో గిన్నెలకు భిన్నాలు చెప్పింది. చార్టు గీసింది. రొట్టె బొమ్మ వేసి ఎనిమిది ముక్కలు చేసి రంగులు నింపింది.

"ఎనిమిది గంటల బస్సుకు వెళ్తానండీ" అంది.

"బండి ఉండగా బస్సెందుకు? ఇరవై నిమిషాల్లో దింపుతా" అన్నాను.

కోహీర్ ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా వెనక నల్లటి పొగ వచ్చింది. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా లేవలేదు. నెలల తరబడి తాగిన పెట్రోల్‌కు ప్లగ్గు మసిబారిపోయిందని తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది చెమట పట్టడమే.

ఝాన్సీ గడియారం చూసింది, రోడ్డు చూసింది, చివరికి మీటర్ చూసింది. కుంకుమ అంచున పసుపుపచ్చగా ఏదో మెరుస్తోంది. కొంగుతో బొట్టు తుడిచింది.

"ఇది ఇంకా వెలుగుతూనే ఉందా?"

"జులై నుంచి ఆరనే లేదు."

"పూజ నాడు కూడానా?"

నేను ఇంకో కిక్కు కొట్టాను. ఆవిడ చార్టు తీసుకుని రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తింది.

అల్లం లోడుతో ట్రాలీ ఒకటి వచ్చింది. నడుపుతున్నాయన పేరు దేవరాజ్ అట. "ఎక్కుండ్రి మేడం, జర పట్టుకొని కూసోండ్రి, దింపుత" అన్నాడు. ఇస్త్రీ చీరతో, చార్టు గుండెలకు పట్టుకుని అల్లం బస్తాల మీద కూర్చుని వెళ్లింది. చేరేసరికి పదీ పది. ఇంకొకావిడ క్లాసు చెప్పేసింది, వాళ్లకు నచ్చింది. మధ్యాహ్నం బస్సులో తిరిగొచ్చి ఝాన్సీ చార్టును బీరువా మీద పెట్టింది. అన్నం వడ్డించింది.

మర్నాడే పాత సైలెన్సర్ ఎక్కించేశాను. లైటు పోయింది. బండి మళ్లీ పిల్లిలా నడుస్తోంది.

అయ్యా, నా ఫిర్యాదు లైటు మీద కాదు, సైలెన్సర్ మీద అంతకన్నా కాదు. ఇప్పుడు నేను తాళం తీస్తే ఇంట్లో ఎవరూ ఏమీ అడగడం లేదు. హెల్మెట్ లేదు, పెట్రోల్ లేదు, మాత్ర లేదు. కావాలని గుమ్మంలో రెండు నిమిషాలు నిలబడి చూశాను. వంటింట్లో కుక్కర్ మాత్రమే పలికింది. నాకు భయమేసింది. నన్ను హెచ్చరించే ఒక్క మనిషిని నోరు మూయించినవాణ్ణి నేనే.

మొన్న మొగుడంపల్లిలో ఇంకో స్కూల్ పిలిచింది. పది గంటలకు క్లాసు. ఆరున్నరకే ఝాన్సీ తయారై చార్టు దింపుతోంది.

"అంత పొద్దున బస్సెందుకు?" అన్నాను.

"మీరు టిఫిన్ తిని తాళం చేతిలోకి తీసుకునేలోపు వెళ్లిపోదామని."

పోనీ బస్టాండ్ దాకా నడిచి వస్తాను, చార్టు నేను పట్టుకుంటానన్నాను.

"వద్దులెండి, బరువేం లేదు" అని వెళ్లిపోయింది.