రంగూనులో శుక్రవారం అంతా బందు

జలంత్రకోటలో రంగూను సంగతులు తెలియాలంటే యోబునే అడగాలి. అక్కడి మిల్లులో ఆరేళ్లు బియ్యం బస్తాలు మోసి వచ్చినవాడు. అడక్కపోయినా చెబుతాడు కాబట్టి ఊళ్లో అతని పేరు రంగూను గెజెట్టు.

అలాంటి గెజెట్టుకే పెద్ద చిక్కొచ్చిపడింది. ఈసారి బారువ రేవులో మళ్లీ రంగూను ఓడెక్కేటప్పుడు తనూ వస్తానని భార్య దోర్కాస్ పట్టుబట్టింది. ఈస్టరు తెల్లవారుజామున కొడుకు సమాధి మీద కొవ్వొత్తి వెలిగించాలిట.

పదహారేళ్ల జెకర్యా తండ్రి వెంట వెళ్లి, రెండేళ్ల కిందట అక్కడే కలరాతో పోయాడు. పేరు చెక్కించి రాయి పాతించానని యోబు ఉత్తరం రాయించాడు. రాయీ లేదు, ఏమీ లేదు. కలరా శవాలన్నీ ఒకే గోతిలో పూడ్చేశారు, కన్నతండ్రిని దగ్గరికే రానివ్వలేదు. ఆ మాట చెప్పే ధైర్యం లేక, భార్యని భయపెట్టి ఆపుదామనుకున్నాడు పాపం!

"ఒలే, ఆ దేశం సంగతి నీకు తెల్దు. గుడ్‌ఫ్రైడే వచ్చిందంటే మిల్లు బందు, కచేరీ బందు, బజారు బందు. సోమారం దాకా ఉప్పురాయి దొరకదు."

"అయితే ఉప్పు కట్టుకుంటాను" అంది దోర్కాస్, తిరగలి దగ్గర చోళ్లు విసురుతూ.

"ఉప్పు తినీసి బతుకుతావేటి?"

"అటుకులున్నాయి, ఎండుసేపలున్నాయి. నీ తిండి నాకు తెల్దేటి మావా, ఇంకో కుంచం దంచుతాను."

"మూటలు మోసీ కూలోడు కూడా ఉండడే!"

"నువ్వు లేవేటి? ఆరేళ్లు మోసింది బస్తాలే కదా."

యోబు రెచ్చిపోయాడు. "ఆ రోజు నవ్వితే పోలీసోళ్లు అట్టుకెల్తారు!"

"నాను నవ్వి రెండేళ్లయింది మావా."



ఈలోగా పక్కింటి అసిరమ్మ ఇదంతా విని ఊరంతా చాటింది. రంగూనులో నాలుగు రోజులు తిండి దొరకదట! ఇంకేముంది, ఒకరు కొబ్బరికాయలు, ఒకరు బెల్లం, ఒకరు మాగాయ పట్టుకొచ్చారు. మధ్యాహ్నానికి అరుగు మీద పదకొండు మూటలు. యోబు కూర్చోడానికే చోటు లేదు.

ఆఖరి బాణం వేశాడు. "శ్మశానం గేటుకి కూడా తాళం ఏసేత్తారు!"

దోర్కాస్ తిరగలి ఆపింది.

"మరి సన్నాసయ్యన్న తెరిసే ఉందన్నాడే?"

సన్యాసయ్య అదే మిల్లులో పనిచేసి కిందటి నెలే ఊరొచ్చాడు. యోబు మొహం పాలిపోయింది.

"కిందటి ఈస్టరుకి నువ్వు కొవ్వొత్తి అట్టుకుని గేటు కాడే నిలబడిపోయావట. ఎక్కడెట్టాలో తెల్దట. రాయి లేదనీ సెప్పాడు."

"తెలిసీ వొత్తానంటన్నావా?"

"తెలిసే. ఎక్కడ కూకుని ఏడవాలో తెలక ఒక్కడివీ తిరిగొచ్చీసినావు. ఇద్దరం ఎల్తే ఎక్కడో ఓ కాడ కూకుంటాం."

యోబు ఆమె ఎదురుగా కూలబడ్డాడు. కళ్లు తుడుచుకోడానికి సిగ్గేసి, తిరగలి పిడి లాక్కుని గిరగిరా తిప్పడం మొదలెట్టాడు.

"ముందు గింజలెయ్యి మావా" అంది దోర్కాస్, "ఉత్తిదే తిప్పుతన్నావు."