పెట్టెలో చుట్టలు

శనివారం ఉదయం ఇంట్లో జరిగే జ్ఞాపకార్థ కూడికలో భార్య ఫ్లోరెన్స్ పాట వినిపించాలన్నది రత్నరాజు ఏర్పాటు. ఆమె పోయి ఏడాది. ఆమె గొంతు మిగిలింది ఒక్క క్యాసెట్‌లోనే. దాన్ని ఒంటరిగా వినే ధైర్యం అతనికి చాలలేదు. నలుగురి మధ్య విందామని, కూర్మన్నపాలెం ఇంట్లో కూర్చుని స్వయంగా ఆంప్లిఫయర్ కట్టాడు.

ఆ ఉదయం మీట నొక్కితే పాట రాలేదు, కూత వచ్చింది.

"ఏటి బావా, కుక్కరు దింపవేటి?" అని పక్కింటి వరహాలు గోడ మీదుగా అరిచాడు.

రత్నరాజు బావమరిదికి ఫోన్ చేశాడు. యోహాన్ సీతమ్మధారలో సౌండ్ సెట్లు బాగుచేస్తాడు. ఫోన్ స్పీకర్‌లో అతని మాట ఇల్లంతా వినిపించింది.

"పెట్టి నిండా సుట్టలే ఉంటాయి బావా. నీ సంగతి నాకు తెలీదేటి? నానొచ్చి తీసేత్తాను."

ఫ్లోరెన్స్ అక్క మిరియం ఉల్లిపాయలు వదిలి వచ్చింది. "సుట్టలా! మా సెల్లి సేతిలో సెయ్యేసి మానేత్తానన్నావు. పెట్టిలో దాసీసినావా?"

"అయ్యి తీగ సుట్టలు వదినా..."

"తీగ సుట్టలేటి, పొగాకు సుట్టలేటి, పొగ పొగే!"

చుట్టాలు వచ్చేసరికి ఆ చుట్టలు కాస్తా కట్టలయ్యాయి. పాస్టరు గుణశేఖర్ ఆదరణ వాక్యం పక్కనబెట్టి వ్యసనాల మీద ప్రసంగం ఎత్తుకున్నారు. అందరూ కళ్ళు మూసుకుని రత్నరాజు ఊపిరితిత్తుల కోసం ప్రార్థించారు. పెట్టె తెరిచి చూపిస్తే సరిపోయేది. అతను తెరవలేదు. ఏడాదిగా అతన్ని తిట్టినవాళ్ళు లేరు. మిరియం తిట్టులో చెల్లెలి విరుపే ఉంది. ఇంకాసేపు తిడితే బాగుండునని తల వంచుకుని కూర్చున్నాడు.

యోహాన్ వచ్చి మూత విప్పాడు. లోపల పొగాకు లేదు. ప్రతి తీగా కావలసిన దానికి ఎన్నో రెట్లు పొడవు. మిగిలినదంతా ముద్దుగా చుట్టి దారంతో కట్టి ఉంది. ఉక్కు కర్మాగారంలో కరెంటు ప్యానెళ్ళు బిగించిన చేయి అది. రేపు మళ్ళీ కలపాల్సొస్తే ఉంటుందని తీగ మిగల్చడం ఆ చేతికి అలవాటు.

"ఇందులో మిగల్చకూడదు బావా. పొడుగు తీగ సుడితే అదో కాయిల్ అయిపోతాది. అటేపు శబ్దం ఇటేపు దూరి కూతెడతాది. కోసేత్తాను."

"ఉండనీరా. మళ్ళీ అవసరపడితే?"

"దీనికింక మళ్ళీ లేదు బావా."

కట్టర్ పడిన ప్రతిసారీ రత్నరాజు కళ్ళు మూసుకున్నాడు. మిరియం కొంగుతో ముఖం దాచుకుంది. పాస్టరుగారు దగ్గారు.

కూత ఆగింది. ఫ్లోరెన్స్ గొంతు పక్క గదిలోంచి వచ్చినంత స్పష్టంగా వచ్చింది. ఒక చరణం పాడింది. అంతలో పాట ఆపి, టేపులోనే ఎవరినో కసిరింది.

"ఆ కంపేటండీ? మొన్ననే కదా నా సేతిలో సెయ్యేసి మానేత్తానన్నారు, మళ్ళీ సుట్టా! లెగండి, బయటికి పొండి. నాను పిలిసేదాకా రాకండి."

అందరూ తిరిగి రత్నరాజు వైపు చూశారు. అతను లేచి, చెప్పులు వేసుకుని, వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. లోపల పాట మళ్ళీ మొదలైంది.

ఆమె పిలుపు ఆ టేపులో ఉందో లేదో అతనికి గుర్తులేదు.