క్యాన్సిల్ మీద వచ్చిన దివాకర్

ఆదివారం పొద్దున బీర్పూర్ గుట్ట ఎక్కి, పైన సద్ది తిని, పది గంటలకల్లా దిగిపోవాలని ముగ్గురు దోస్తులు అనుకున్నారు. దుబాయి నుంచి వచ్చిన దివాకర్, కోరుట్లలో సెల్‌ఫోన్లు బాగుచేసే సాగర్, సిరిసిల్లలో మరమగ్గం నడిపే జలపతి. పదో తరగతి తర్వాత ముగ్గురూ కలిసి నడవడం ఇదే మొదటిసారి.

దివాకర్ కడుపులో ఒక మాట ఇరవై రోజులుగా నలుగుతోంది. ఇంట్లోవాళ్ల లెక్కన అతను సెలవు మీద వచ్చాడు. నిజానికి కంపెనీ వీసా రద్దు చేసి పంపేసింది. దీన్ని మన దిక్కు 'క్యాన్సిల్ మీద వచ్చిండు' అంటారు, అదీ గొంతు తగ్గించి. ఆ మాట వింటే భార్య సరిత ముఖం ఎలా మారుతుందోనని అతని భయం.

గుట్టకో మంచి గుణం ఉంది. ఎక్కేవాడికి ఊపిరే కష్టం, అబద్ధాలాడే ఓపిక మిగలదు. ముందు నడిచేవాడి వీపే కనిపిస్తుంది గనుక సిగ్గూ అడ్డురాదు. సగం దూరంలో జలపతి బయటపడ్డాడు. మగ్గం ఆగి మూడు నెలలైందట, రోజూ టిఫిన్ డబ్బా కట్టించుకుని బస్టాండులో కూర్చుంటున్నాడట. బయటపెట్టడానికి తాను దాచుకున్న గుట్టేదీ లేదని సాగర్ కొంచెం చిన్నబోయాడు.

అప్పుడే దివాకర్ తల్లి పోశవ్వ ఫోన్ చేసింది. తర్వాత మాట్లాడతానని చెప్పి అతను ఫోన్ జేబులో వేసుకున్నాడు గానీ, కట్ చేయలేదు.

"నాకు క్యాన్సిల్ అయిందిరా," అన్నాడు దోస్తులతో. "సరితకు ఎట్ల చెప్పాల్నో సమజైతలేదు."

అడవిలో సిగ్నల్ సగమే, పోశవ్వ చెవీ సగమే. ఆమెకు 'క్యాన్సర్' అని వినిపించింది. తిరిగి చేస్తే ఫోన్ కలవలేదు, గడప మీదే కూలబడింది. పక్కింటి వజ్రమ్మ వచ్చి విన్నది. వజ్రమ్మకు తెలిస్తే వాడకంతా తెలిసినట్టే. గంటలో ఒకరు కడుపులో గడ్డన్నారు, ఇంకొకరు గొంతులో అన్నారు. పిలగాడు చిక్కిపోయాడని తాము ముందే గమనించామన్నవాళ్లు నలుగురు తేలారు. ఎల్లంతకుంట మేనమామ ఆకుపసరు పట్టుకుని బయల్దేరాడు. సరిత ఒక్కతే ఏడవలేదు. హైదరాబాద్ ఆసుపత్రికి బట్టలు సర్దుతూ, ఒకే చీరను నాలుగుసార్లు మడిచింది.

దోస్తులతో గుట్ట దిగి వచ్చిన దివాకర్, ఇంటి ముందు జనాన్ని చూసి తల్లికేదో అయిందని పరుగెత్తాడు. తల్లి అతన్నే పట్టుకుని ఏడ్చింది.

"అంత పెద్ద రోగమచ్చిందని నాకు చెప్పకపోతివి కొడుకా. పోయి గుట్టకు చెప్పుకుంటివి."

కిందికొచ్చాక మళ్లీ అబద్ధం ఆడొచ్చు. కానీ పొద్దుటి నుంచి నిజం మాట్లాడిన నోటిని ఆ అలవాటు ఇంకా వదల్లేదు.

"క్యాన్సర్ కాదే అవ్వా, క్యాన్సిల్. నౌకరి పోయింది. నేనిగ వాపస్ పోను."

సరిత ముందుకొచ్చింది.

"పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది."

"గంతే చాలు. కలో గంజో ఈడనే తాగుదాం," అని అప్పుడు ఏడ్చింది.

దివాకర్‌కు కళ్లు నిండాయి. ఇరవై రోజులు తాను భయపడింది ఈ మనుషులకేనా అనిపించింది. దోస్తులకు దండం పెట్టాలనిపించింది. జలపతి మాత్రం అక్కడ లేడు. గోడ పక్కకు వెళ్లి భార్యకు ఫోన్ చేసి, మగ్గం సంగతి మొదటి నుంచి చెబుతున్నాడు.

సాయంత్రం పోశవ్వ పోచమ్మకు కోడిని కోసింది. కొడుకు వీసా క్యాన్సిల్ అయినందుకు మొక్కు చెల్లించిన ఇల్లు ఆ ఊళ్లో అదొక్కటే.