బండ పలిగింది

విద్యావతి వేసుకున్న ప్లాను ప్రకారం ఆ మంగళవారం పదకొండింటికి పప్పు దిగాలి. పదకొండున్నరకు ఇరవై నాలుగు క్యారియర్లు నిండాలి. పన్నెండింటికి మూడు స్కూటీలు సందు దాటాలి. పన్నెండున్నరకు అశోక్‌నగర్‌లోని ఆడపిల్లల హాస్టల్లో ఇరవై నాలుగు మంది మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవాలి. కోచింగు పిల్లలు ఒంటిగంటకు మళ్లీ క్లాసులకు పోతారు కనుక వార్డెను బాలనాగమ్మ ముందే చెప్పింది. "ఒక్కరోజు చూస్తనమ్మా. టైముకొచ్చిందా, రోజూ మీరే. రాలేదా, రేపటి సంది మీకు తక్లీఫ్ వద్దు."

భర్త ఇంద్రసేన "నీతోని కాదు" అనలేదు. "చూద్దాం" అన్నాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మాటకు అర్థమేమిటో విద్యావతికి తెలుసు. అందుకే ఆ రోజు నాలుగింటికే లేచింది. తొమ్మిదిన్నరకల్లా అన్నం, సాంబారు, రెండు కూరలు అయిపోయాయి. పొయ్యి మీద పెద్ద గిన్నెలో పప్పు మాత్రం సన్నని సెగన ఉడుకుతోంది.

సరిగ్గా అప్పుడే ఎవరింటికో ఇటుకలు తెచ్చిన ట్రాలీ వాటిని దించి తిరిగి పోతూ, సందు మొదట్లో మోరీ మీది బండను విరగ్గొట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

చిక్కడపల్లి మార్కెట్ వెనక ఉన్న ఆ సందుకు ఒకటే మొదలు. అటు చివర కల్యాణమండపం గోడ. మొదట్లో మురుగు పారే నడుములోతు మోరీ, దాని మీద పక్కపక్కన రెండు రాతి బండలు. వాటిలో ఒకటి వినాయక చవితికే విరిగింది. రెండోది ఇప్పుడు. మనుషులైతే గోడ పట్టుకుని పక్కనుంచి జారుకోవచ్చు. స్కూటీలకు గోడ పట్టుకోవడం రాదు. పోనీ ఆటో పిలుద్దామంటే ఆ రోజు ఆటోల బంద్.

విద్యావతి సంబంధిత ఆఫీసుకు ఫోన్ చేసింది. తాము సంబంధితులం కామని వాళ్లు చెప్పారు. అసలు సంబంధితులెవరో కనుక్కుని మళ్లీ చేస్తే, దసరా అయ్యాక చూస్తామన్నారు. అప్పటికి పదిన్నర దాటింది. ఆమె ఎదురింటి బాల్కనీ కిందికి వెళ్లి నిలబడింది. సందులో సెల్‌ఫోన్ సిగ్నల్ అక్కడే బాగుంటుంది. భర్తకు చేసింది. ఎత్తింది ఆయన ఆఫీసులో కొత్తగా చేరిన ఫణికిరణ్. కాకినాడ కుర్రవాడు.

"సార్ మీటింగులో ఉన్నారు మేడం. ఏమైనా చెప్పమంటారా?"

"ఏం లేదు బాబు. బండ పలిగింది. ఎవరికీ దెబ్బ తాకలే, అంతే నయం. జల్ది ఇంకో బండ పంపియ్యమని చెప్పు. పన్నెండింటికి అన్నం పోవాలె, బండ లేకుంటే పోదు."

"పెద్దదా, చిన్నదా మేడం?"

"పెద్దదే. బరువుకు ఆగాలె."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. విద్యావతి వాళ్లు తాతల నాటి నుంచి ఈ ఊరివాళ్లు. వాళ్లకు బండ అంటే రాయి. పలగడం అంటే పగలడం. ఫణికిరణ్‌కు బండ అంటే గ్యాస్ సిలిండర్. పేపర్లు కూడా అలాగే రాస్తాయి. పైగా అవి సబ్సిడీ సిలిండర్లు ఏడాదికి ఆరే అని చెప్పిన కొత్త రోజులు. అందరి బుర్రల్లోనూ బండే తిరుగుతోంది. సార్ వాళ్లింట్లో సిలిండర్ పగిలితే తన ఉద్యోగ ధర్మం ఏమిటా అని ఫణికిరణ్ అర నిమిషం ఆలోచించి, సెలవు చీటీ రాసిపెట్టి బయల్దేరాడు.

అదే ఫోను బాల్కనీలో పేపరు చదువుతున్న విశ్వేశ్వరరావు గారు కూడా విన్నారు. ఆయనది తెనాలి వైపు. ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ముప్పై ఏళ్లుగా ఈ సందులోనే ఉన్నారు. ఆ రాయిని ఆయన నాపరాయి అంటారు. ఆయన చేతిలోని పేపర్లో 'ఆరు దాటితే బండ భారమే' అని ఉంది.

"కమలా, విద్యావతి గారింట్లో బండ పేలిందిట," అన్నారు భార్యతో.

"చప్పుడు రాలేదే?" అంది కమలాకుమారి.

"పేలినవాటన్నిటికీ చప్పుడు వస్తుందా?"

"పొగ కూడా లేదండీ."

"పొగ తర్వాత వస్తుంది. నువ్వు ముందు దుప్పటి తడుపు."

ఆయన నూట ఒకటికి ఫోన్ చేసి, చిరునామా రెండుసార్లు చెప్పి, తడి దుప్పటి భుజాన వేసుకుని విద్యావతి ఇంట్లోకి వెళ్లారు. వంటింట్లో సిలిండర్ నిక్షేపంగా ఉంది. అంటే పేలింది వేరే. ఇది పేలబోయేది. ఆయన ధైర్యవంతుడే. స్టవ్ ఆర్పి, రెగ్యులేటర్ పీకి, వేడి తగ్గాలని పప్పుగిన్నె మీద మూత పెట్టి, దాన్ని తడి దుప్పటితో నాలుగు చుట్లు చుట్టి, తలుపు మూసి, గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

మోరీ కొలత చూసుకుని, దాని మీద వేయడానికి మేడ మీద వడియాలు ఎండబెట్టే పాత టేకు తలుపు కోసం విద్యావతి ఇంట్లోకి వచ్చేసరికి ఆయన కనిపించారు.

"రావు గారూ, ఇక్కడ కూసున్నరేంది?"

"మీరు లోపలికి వెళ్లకండమ్మా. రెండోదాన్ని నేను చూసుకుంటాను."

"ఇంకేం జూస్తరు సార్. రెండోది గూడ పోయింది."

విశ్వేశ్వరరావు గారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. "అదీ పోయిందా? మరి మొదటిది?"

"అది వినాయక చవితికే పాయె."

"అప్పటినుంచీ ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పినం. దసరా అయినంక చూస్తరంట."

సిలిండర్లు వరసగా పేలుతుంటే దసరా దాకా ఆగమన్న దేశంలో ఎలా బతకడమా అని ఆయన ఆలోచిస్తూ ఉండిపోయారు. ఎదురింటి పెద్దమనిషికి మోరీ మీద ఇంత పట్టింపు ఉన్నందుకు విద్యావతి లోపల సంతోషించింది. పప్పు సంగతి ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. కూతురు రచన చేయి వేయగా తలుపు కిందికి దింపుకుని వెళ్లింది.

తలుపు మోరీకి సరిగ్గా సరిపోయింది. రచన ఖాళీ స్కూటీ ఎక్కించింది. తలుపు నడుమ కిర్రుమని, గిన్నెలాగా కిందికి వంగింది. రచన స్కూటీని వెనక్కి లాగింది.

"అమ్మా, ఉత్త బండికే ఇట్లయితే సాంబారు బండికి ఎట్లయితది? పోనీ వార్డెన్ ఆంటీకి ఫోన్ జేసి రేపొస్తమని చెప్దామా?"

"చెప్తే మీ నాన్న 'చూసినం గద' అంటడు," అంది విద్యావతి. "కింద ఏదన్న ఆధారం కావాలె. ఎతుకు."

ఆధారం వెతుకుతుండగా మోటార్‌సైకిల్ మీద ఫణికిరణ్ వచ్చాడు. వెనక సీటుకు తాళ్లతో కట్టిన ఎర్ర సిలిండర్. ఏడాదికి ఆరింటిలో తన వాటా ఒకటి త్యాగం చేసి, గాంధీనగర్‌లోని తన గదికి పోయి తెచ్చాడు. మోరీ అవతల దాన్ని దించి చెమట తుడుచుకున్నాడు.

"బండ తెచ్చాను మేడం."

విద్యావతి సిలిండర్‌ను చూసింది. మోరీని చూసింది. చివరికి ఆ కుర్రవాడి మొహం చూసింది. "మంచిగ జేసినవ్ బాబు. నీడకు కూసో," అంది.

ఈలోగా దారిన పోయే ఒకావిడ ఆగింది. "నిండు సిలిండరా అన్నా? ఎక్కడిస్తుండ్రు?"

"అర్జెంటని చెబితే అప్పటికప్పుడు తెచ్చానండీ," అన్నాడు ఫణికిరణ్ కొంచెం గర్వంగా.

అంతే. బుక్ చేయకుండానే, అర్జెంటని చెబితే చాలు, చిక్కడపల్లిలో మోరీ దగ్గర సిలిండర్లు ఇస్తున్నారన్న వార్త నారాయణగూడ దాకా పోయింది. పావుగంటలో పదకొండు ఖాళీ సిలిండర్లు, వాటి వెనక పాసుపుస్తకాలతో పదకొండు మంది లైను కట్టారు. పన్నెండో ఆవిడ సిలిండర్ తేలేక చెప్పులు పెట్టి పోయింది. లైను ముందున్న వాళ్లు ఫణికిరణ్‌ను సార్ అనడం మొదలుపెట్టారు.

పదకొండూ నలభైకి గంట మోగించుకుంటూ ఫైరింజన్ వచ్చింది.

ఆఫీసరు ఉదయ్ కుమార్ దిగి చూస్తే మంటలు లేవు గానీ, వరసగా పన్నెండు సిలిండర్లున్నాయి. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "అందరు దూరం జరగండి. పేలింది ఎక్కడ?"

"ఏది పేలింది సార్?" అంది విద్యావతి.

"బండ పేలిందని ఫోనొచ్చింది."

"పేలలే. పలిగింది." మోరీలో రెండు ముక్కలై పడి ఉన్న రాయిని చూపించింది. "ఇగో, ఇదే."

ఆఫీసరు వంగి రాయిని చూశాడు. ఆయనది మెదక్ వైపు. అర్థం కావడానికి ఆయనకు ఎవరూ సాయం చేయక్కర్లేకపోయింది. "ఫోన్ జేసిందెవరు?"

విశ్వేశ్వరరావు గారు అప్పుడే వచ్చారు. మోరీనీ, రాయినీ, ఆఫీసరు మొహాన్నీ చూశాక ఆయనకు ముప్పై ఏళ్ల తెలుగు ఒక్కసారిగా బోధపడింది. "నేనేనండీ," అన్నారు చిన్న గొంతుతో.

"తప్పుడు కాల్ అని రాయాల్సొస్తది పెద్దమనిషీ. మీరు జర స్టేషన్‌కు రావాలె."

కమలాకుమారి బాల్కనీలోంచి తొంగి చూస్తోంది. విద్యావతి టైము చూసింది. పదకొండూ యాభై. తర్వాత ఫైరింజన్ మీద పడుకోబెట్టిన పొడవాటి ఇనుప నిచ్చెనను చూసింది.

"సార్, ఫైరాఫీసోళ్లు మంటలే ఆర్పుతరా? చిక్కుకున్నోళ్లను గూడ తీస్తరా?"

"తీస్తం. లిఫ్టుల్ల, బావుల్ల చిక్కుకున్నోళ్లను తీస్తం."

"మూడు బండ్లతోని ముగ్గురు ఆడపిల్లలు చిక్కుకున్నరు. ఈ సందుకు ఇంకో దారి లేదు. మీరే చూడుండ్రి."

ఉదయ్ కుమార్ సందు చివరి గోడ దాకా చూశాడు. దారి నిజంగానే లేదు. "రిపోర్టుల ఏం రాయమంటరమ్మా?"

"వాళ్లను బయటికి తీసినమని రాయండి. అప్పుడు కాల్ తప్పుడుదెట్ల అయితది?"

ఆఫీసరు తన మనుషుల వైపు చూశాడు. వాళ్లు అప్పటికే నిచ్చెన విప్పుతున్నారు. మోరీ మీద నిచ్చెన, నిచ్చెన మీద టేకు తలుపు. ఈసారి అది కిర్రుమనలేదు.

క్యారియర్లు నింపబోయి పప్పు కోసం వంటింట్లోకి వెళ్లిన రచన దుప్పటి మూటను చూసి కేక వేసింది. విప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. తాలింపుకు టైము లేదు. విద్యావతి కళ్లు మూసుకుని పప్పును అలాగే క్యారియర్లలో పోయించింది. పన్నెండూ పదికి రచన, వెనక పక్కింటి అనూహ్య, ఆ వెనక మేడ మీద కిరాయికుండే కీర్తన, మూడు స్కూటీల మీద ఒకరి తర్వాత ఒకరు తలుపు దాటారు. లైనులో ఉన్నవాళ్లు సిలిండర్లు పక్కకు జరిపి దారి ఇచ్చారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఫణికిరణ్ తన సిలిండర్ మళ్లీ కట్టుకున్నాడు. పదకొండు మందీ అతని వెనకే కొంతదూరం నడిచారు.

పన్నెండూ ఇరవై ఎనిమిదికి ఫోన్ మోగింది.

"అందినయమ్మా," అంది బాలనాగమ్మ. ఒంటిగంట కాకముందే ఆమే మళ్లీ చేసింది. "ఆ పప్పు ఎట్ల జేసినవు? తాలింపు లేదు, ఏం లేదు, దమ్ బిర్యాని లెక్క గుమగుమలాడుతుందని పిల్లలు గిన్నెలు నాకుతుండ్రు. రోజూ అదే పంపు."

ఆ సాయంత్రం విద్యావతి ఎదురింటికి వెళ్లి, ఆ దుప్పటి ఎక్కడ కొన్నారో కమలాకుమారిని అడిగి తెలుసుకుంది. ఇంద్రసేన వచ్చి, రోజూ అంటే ఆదివారం కూడానా అని అడిగాడు. ఈసారి విద్యావతే "చూద్దాం" అంది.

ఫైరాఫీసు రిపోర్టులో 'దారి లేక చిక్కుకున్న ముగ్గురు మహిళలను, మూడు వాహనాలను నిచ్చెన సాయంతో రక్షించడమైనది' అని పడింది. ఆడవాళ్లు చిక్కుకున్న సంగతి కాగితం మీదికెక్కేసరికి, తామే సంబంధితులమని ముగ్గురు ఆఫీసర్లు వేర్వేరు జీపుల్లో వచ్చారు. నాలుగో రోజుకల్లా మోరీ మీద కాంక్రీటు పడింది. సందు కోసం ముందుగా గొంతెత్తిన పెద్దమనిషిగా విశ్వేశ్వరరావు గారికి కాలనీ సంఘం శాలువా కప్పింది. ఆయన వద్దన్నారు గానీ, మరీ గట్టిగా అనలేదు.

పై నెలలో సందు మొదట్లోని వీధిలైటు పోయినప్పుడు విద్యావతి ఏ ఆఫీసుకూ ఫోన్ చేయలేదు. విశ్వేశ్వరరావు గారి ఎదుట "మా దీపం ఆరిపోయింది సార్" అని మాత్రం అని, కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.