వంటింటి అలమర కోసం ఒక కార్ఖానా

ఇల్లు మారిన ప్రతి మగవాడూ ముందుగా ఇంట్లో ఒక వడ్రంగి కార్ఖానా పెట్టుకోవాలి. పాలు పొంగించడం, పొయ్యి వెలిగించడం తర్వాత చూసుకోవచ్చు. సంసారం చక్కబడటానికి ఇంతకు మించిన దారి లేదు. నమ్మకం కుదరకపోతే మా వీధి సుదర్శన్ సంగతి వినండి.

సుదర్శన్ ఆఫీసులో ఫైళ్లు చూసుకునే మనిషి. మొన్న ఎండాకాలంలో వీపనగండ్లలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, వనపర్తిలో సొంత ఇంట్లో దిగాడు. ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉంది. వంటింట్లో మాత్రం ఒక్క అలమర లేదు. సామానంతా నేల మీదే.

"వడ్ల నర్సింహులును పిలిస్తే జల్ది అలమర చేసి పోతడు" అంది భార్య మాలతి.

"బయటోళ్లెందుకు? నేనే చేస్త. యూట్యూబ్‌ల అంత చూపిస్తున్నరు."

ఎంత గొప్ప మాట! భార్య వంగి వంగి పప్పు తీసుకుంటుంటే చూడలేని భర్తలే ఇలా అనగలరు.

అలమర చేయాలంటే పనిబల్ల కావాలి కదా? చేశాడు. బల్ల నిండా రంపాలు, ఉలులు ఉంటే పనెలా సాగుతుంది? షెడ్డు గోడకు అరలు కొట్టాడు. అరల్లో మొలలూ స్క్రూలూ కలిసిపోతున్నాయని సొరుగులు చేసి, పాలిష్ పెట్టాడు. వెలుతురుకు మంచి లైటు, చేతులు కడుక్కోవడానికి నల్లా బిగించాడు. ఆఫీసులో అందరికీ ఫొటోలు చూపించి పొంగిపోయాడు.

డ్రిల్లు మోతకు వీధిలో మధ్యాహ్నపు కునుకు తప్పింది. మంచిదే, పగటి నిద్ర ఒంటికి చేటు. పక్కింటి సకీనాబీ ఆరబోసిన మిరపకాయల మీద రంపపు పొట్టు పడింది. ఆమె గోడ మీదుగా తొంగిచూసి, "మీ ఇల్లు ఇంక కడుతనే ఉన్నరా బిడ్డా?" అని అడిగింది.

"ఇల్లు అయ్యింది చాచీ. అలమరనే కాలే" అంది మాలతి.

దసరా కూడా వెళ్లిపోయింది. ఒకరోజు ఎలుక కందిపప్పు సంచిని కొరికేసింది. మాలతి పప్పంతా చేటలో పోసుకుని ఎలుక పెంటికలు ఏరుతుంటే, సుదర్శన్ వచ్చి నిలబడ్డాడు.

"రేపు గద్వాల పోత. పాత ఇల్లు కూలగొడ్తున్నరంట. టేకు చెక్క దొర్కుతది."

"అలమరకేనా?"

"కాదు. రంపాలు తగిలెయ్యనీకి స్టాండు చెయ్యాలె."

మాలతి చేట కింద పెట్టింది.

మర్నాడు సుదర్శన్ టేకు పలకలు భుజాన వేసుకుని బస్సు దిగి వచ్చేసరికి, షెడ్డులోంచి తిరగమోత వాసన వస్తోంది. గోడ అరల్లో బియ్యం, బెల్లం, చింతపండు. సొరుగుల్లో గరిటెలు, పోపు సామాను. పనిబల్ల మీద గ్యాసు పొయ్యి. మాలతి నిటారుగా నిలబడి ఉల్లిగడ్డ తరుగుతోంది.

సాయానికొచ్చి నల్లా కింద గిన్నెలు కడుగుతున్న సకీనాబీ తలెత్తి, "వంటిల్లు మస్తు కట్టినవ్ బేటా" అని మనసారా మెచ్చుకుంది.

సుదర్శన్ భుజం మీద పలకలు భుజం మీదే ఉండిపోయాయి. "మరి నా సామాను?"

"వంటింట్ల కింద పెట్టిన. జర చూస్కోండ్రి, ఎలుక తిరుగుతున్నది."

లోపలికి వెళ్లాడు. ఉలి కోసం వంగాడు. సుత్తె కోసం వంగాడు. మేకు కోసం వంగి, లేవలేక గోడ పట్టుకున్నాడు.

"మాలతీ" అని కేకేశాడు. "ఇంట్ల ఒక్క అలమర లేకుంటె మనిషి ఎట్ల పని చేస్కోవాలె?"

విన్నారు కదా. ఇన్ని నెలలూ చెవికెక్కని మాట నడుములోంచి ఎక్కింది. కార్ఖానా లేకపోతే ఎక్కేదా?