చిన్నపెట్టెవారి షష్టిపూర్తి

నూతులపర్రులో మనిషికి వయసు పెరిగేది పుట్టినరోజుకి కాదు, తను వాడే యంత్రానికి కంపెనీవాళ్లు కొత్త మోడల్ విడుదల చేసినప్పుడు. ఒక మోడల్‌కి ఒక సంవత్సరం. ఈ పద్ధతి వచ్చినప్పుడు ఊళ్లో ఎవరూ పెద్దగా గొడవ చెయ్యలేదు. పాత పశువుల ఆసుపత్రి గదుల్లో వయోనమోదు కార్యాలయం తెరిచారు. జనం దాన్ని వయసాఫీసు అన్నారు. ఎవరి యంత్రం వాళ్లు తమ పేరున రాయించుకుని, రసీదు తెచ్చి బీరువాలో పెట్టుకున్నారు. ఇన్ని కార్డులకి అలవాటు పడ్డాం, దీనికి పడలేమా అనుకున్నారు.

రైసుమిల్లు రోడ్డులో డీటీపీ సెంటరు నడిపే కంచర్ల సాంబమూర్తి తన పేరున చిన్నపెట్టె రాయించాడు. చిన్నపెట్టె అంటే మిఠాయి డబ్బా అంత కంప్యూటరు. తెర వేరే, కీబోర్డు వేరే, మనమే తగిలించుకోవాలి. దాన్ని చేసే కంపెనీ ఫోన్లకి ఏటా ఒక కొత్త మోడల్ ఇచ్చింది, చేతి గడియారాలకి ఇచ్చింది, ఆఖరికి గడియారం పట్టీలకి కూడా ఇచ్చింది. చిన్నపెట్టె వైపు మాత్రం పదమూడేళ్లు తిరిగి చూడలేదు. దాంతో పదమూడేళ్లుగా సాంబమూర్తికి యాభై రెండే.

అయ్యో పాపం అనకండి, అతనికి కోపం వస్తుంది. చిన్నపెట్టెవాళ్లంటే ఊళ్లో పదకొండుమంది. వాళ్లకో సంఘం, దానికి సాంబమూర్తే అధ్యక్షుడు, సంఘానికో బ్యానరు, ఏటా దసరా ముందు ఒక సమావేశం. అందులో ఒకాయన తాలూకాఫీసు గుమాస్తా. పదమూడేళ్లుగా యాభై ఏడు దగ్గరే ఉన్నాడు కాబట్టి రిటైరు కాలేదు, ఆయన కింద ముగ్గురు ప్రమోషన్ కోసం చూసి చూసి రిటైరైపోయారు. పెద్ద కంప్యూటర్లవాళ్లు ఎదురైతే ఈ పదకొండుమందీ కొంచెం గడ్డం ఎత్తి నడిచేవాళ్లు. "మీదాన్ని ఏడాదికోసారి మారుస్తున్నారంటే, పోయినేడాది సరిగ్గా చెయ్యలేదనేగా? మాదాన్ని ముట్టుకోవాల్సిన అవసరమే రాలేదు," అనేవాడు సాంబమూర్తి. మిగతా కంప్యూటర్లలో శ్రీరస్తు అని కొడితే వత్తు వెళ్లి పక్క లైన్లో పడుతుందని, తన పెట్టెలో ఒక్క అక్షరం చెదరదని, నిజమో కాదో గానీ, జిల్లా అంతా చెప్పుకునేవాడు.

పక్క కొట్టు సుభానీది, సెల్‌ఫోన్ల రిపేరు. అతను రాయించుకున్న ఫోన్‌కి ఏడాదికి రెండు మోడళ్లు వస్తాయి. అప్పట్లో సుభానీకి ముప్ఫై నాలుగు, "మూర్తన్నా, టీ తాగుదామా" అనేవాడు. ఇప్పుడతనికి అరవై, మోకాళ్ల నొప్పులు. "సుభానీ అన్నా, మెల్లిగా మెల్లిగా" అని సాంబమూర్తే చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతున్నాడు. ఇద్దరూ దీన్ని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు, టీ మాత్రం తాగుతూనే ఉన్నారు.

చిక్కల్లా ఇంట్లో వచ్చింది. భార్య అనసూయ తన పేరున ఫోన్ రాయించుకుంది, ఏటా ఒక మోడల్ వచ్చే రకం. అప్పుడామెకి నలభై ఏడు, ఇప్పుడు అరవై. మొగుడి కంటే ఎనిమిదేళ్లు పెద్దదైంది. జనాభా లెక్కలకి వచ్చినామె వరండాలో కూర్చుని, "మీ అక్కగారి పేరు చెప్పండి సార్" అంది. సాంబమూర్తి ఇంట్లోకి చూశాడు. అనసూయే లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చి, "అక్కగారి పేరు అనసూయ, మొగుడి పేరు సాంబమూర్తి, రాసుకో తల్లీ," అంది.

ఆమెకి వయసుతో పేచీ లేదు. ఆమెకి కావలసింది ఒక శుభలేఖ. వాళ్ల పెళ్లి, ఆమె మామగారికి ప్రాణం మీదికి వచ్చిందని, పది నిమిషాల్లో ఆసుపత్రి పక్క గుళ్లో జరిగిపోయింది. కార్డు కొట్టించే వ్యవధి లేదు. ఆ తరవాత సాంబమూర్తి ఊళ్లో ప్రతివాడి పెళ్లికీ కార్డు కొట్టాడు, ఓణీల ఫంక్షన్లకి, గృహప్రవేశాలకి, ఎమ్మెల్యేగారి ప్రారంభోత్సవాలకి కొట్టాడు. "ఊరందరి పేర్లూ అచ్చేశారు. మనిద్దరి పేర్లూ ఒక్క కార్డు మీద లేవు," అంటుంది అనసూయ. పిల్లల్లేరు, పిల్లల పెళ్లి కార్డు మీదైనా వేసుకుందామంటే. మిగిలింది షష్టిపూర్తి ఒక్కటే. మొగుడికి అరవై నిండితే మళ్లీ పెళ్లి, మళ్లీ తాళి, దానికి దర్జాగా కార్డు. అయితే మొగుడికి అరవై నిండాలిగా.

అయిదో ఏడు ఆమె ఒకసారి అడిగింది కూడా. "ఏమండీ, మీరు కూడా ఫోన్‌కి మారిపోకూడదూ? ఏడాదికొకటి చొప్పున నాతోపాటు నడుస్తారు."

"చిన్నపెట్టెవాడు పెట్టె మారడు," అన్నాడు సాంబమూర్తి. "అయినా వచ్చే దసరాకి ఖాయంగా వస్తోంది. బెజవాడలో స్టాకు లేదట. స్టాకు లేదంటే అర్థం ఏంటి? కొత్తది వస్తున్నట్టే."

ఇలాంటి కబుర్లు ఏటా వచ్చేవి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. రాబోయే పెట్టె వెండి రంగా బూడిద రంగా అని సంఘం రెండు వర్గాలుగా చీలి, ఏడాదిన్నర మాట్లాడుకోవడం మానేసింది. ఎనిమిదో ఏడు సంఘంవారు కంపెనీకి అర్జీ పంపితే ఒక్క ముక్క జవాబు వచ్చింది: "చిన్నపెట్టెను మేము మరిచిపోలేదు." సాంబమూర్తి దాన్ని లామినేషన్ చేయించి కొట్లో దేవుడి పటం పక్కన తగిలించాడు. మర్చిపోనివాళ్లు ఎవరైనా మర్చిపోలేదని రాస్తారా అని అనసూయ అడిగితే, పెద్ద కంపెనీవాళ్లు ఊరికే రాయరన్నాడు.

సంఘం పదో వార్షికోత్సవానికి ఎమ్మెల్యేగారు వచ్చారు. శాలువాలు కప్పించుకుని మైకు పట్టుకున్నారు. "వీళ్లని చూసి మన ఊరు నేర్చుకోవాలి. పట్టించుకునేవాడు లేకపోయినా చెక్కు చెదరకుండా ఉన్నారు. మన కాలవ వంతెన కూడా అంతే. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉందని కొందరు విమర్శిస్తున్నారు. అది వెనకబాటు కాదండీ, యవ్వనం," అన్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. సాంబమూర్తి కళ్లు చెమర్చాయి.

పదమూడో ఏడు దసరా ముందు గురువారం పొద్దున్న సుభానీ మోకాళ్లు పట్టుకుని రొప్పుతూ కొట్లోకి వచ్చాడు. "మూర్తీ, వచ్చింది."

"ఏం వచ్చింది?"

"నీ పెట్టె. కొత్త మోడల్. వయసాఫీసు బోర్డు మీద అంటించారు."

సాంబమూర్తి కొట్టు షట్టరు దించడం కూడా మర్చిపోయాడు. ఇంటికెళ్లి అనసూయని బండెక్కించుకున్నాడు. పదమూడేళ్ల బకాయి, అంతా ఒక్కసారి వస్తే అరవై అయిదు. అరవై మీద ఆగకుండా పోతుందేమో, ఎనిమిది చాలు, మిగతా అయిదూ మీరే ఉంచుకోండని అర్జీ రాసివ్వాలేమో అని దారంతా ఆలోచించాడు. వెనక అనసూయ తెల్లజుట్టు ముడేసుకుంటూ, కార్డు ఏ రంగైతే బావుంటుందో అడుగుతోంది. అంత సంతోషంగా ఆమె గొంతు విని చాలా కాలమైంది.

వయసాఫీసు గుమాస్తా పేరు ప్రేమదాసు. అతని పేరున ఉన్నది సర్కారు కంప్యూటరు. దాన్ని చేసిన కంపెనీయే ఎత్తేశారు. అందుకని రికార్డులో అతని వయసు గడిలో అడ్డగీత ఉంటుంది. మంచి మనిషి. సాంబమూర్తి కాయితాలు చూసి, రిజిస్టరు తిప్పి, "శుభం మూర్తిగారూ. యాభై మూడు," అన్నాడు.

"యాభై మూడేంటి? పదమూడేళ్లయింది."

"మోడల్‌కి ఏడాదండి. ఆలస్యానికి ఏమీ కలవదు. అలా కలిపితే ఈ జిల్లాలో మనిషనేవాడు మిగలడు."

ముద్ర పడింది. పడగానే సాంబమూర్తి కుడి కణత దగ్గర ఒక వెంట్రుక తెల్లబడింది. అనసూయ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకి తిప్పి చూసింది. "బావుందండీ," అంది, నిజంగానే మురిసిపోతూ. తరవాత వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఇంకా ఏడు మోడళ్లు.

"ఏడు పదమూళ్లు తొంభై ఒకటి," అన్నాడు ప్రేమదాసు. "అప్పటికి అయ్యగారికి అరవై, మీకు నూట యాభై ఒకటి. కార్యాలయానికి అభ్యంతరం ఏమీ లేదమ్మా."

సాంబమూర్తి ఎన్నడూ అడగననుకున్న మాట అడిగాడు. "బదిలీ ఫారం ఇవ్వు దాసూ. ఫోన్‌కి మారతాను. ఏడేళ్లలో అరవై వచ్చేస్తుంది."

ఆఫీసులో ఉన్న నలుగురూ తలెత్తి చూశారు. చిన్నపెట్టె సంఘం అధ్యక్షుడి నోట ఆ మాట ఎవరూ వినలేదు.

"బదిలీల మీద నిషేధం ఉందండి," అన్నాడు ప్రేమదాసు. "పట్టించుకోని లైన్ల నుంచి బయటికి బదిలీలు నాలుగేళ్ల కిందటే ఆపేశారు. వదిలేస్తే అందరూ వెళ్లిపోతారు, ఇంక పట్టించుకోకుండా ఉండడానికి ఎవరుంటారు? లోపలికి బదిలీలు మాత్రం ఏడాది పొడుగునా తెరిచే ఉంటాయి."

అయిదో ఏట అనసూయ అడిగిననాడు ఈ బదిలీల కిటికీ తెరిచే ఉంది. ఆ తరవాత నాలుగేళ్లు తెరిచే ఉంది. ఆ నాలుగేళ్లూ తను బ్యానరు కింద కూర్చుని, వచ్చేది వెండి రంగేనని వాదిస్తూ గడిపాడు. సాంబమూర్తికి సిగ్గేసింది. పెళ్లాం మొహం చూడలేక గోడ మీది నిబంధనలు చదువుతున్నట్టు నటించాడు. "నా పొగరు నీ కార్డు మింగేసింది అనసూయా," అన్నాడు గోడకేసి.

అనసూయ కిటికీలోకి చెయ్యి పెట్టి, "లోపలికి బదిలీ ఫారం ఒకటివ్వు నాయనా," అంది.

"ఎవరికమ్మా?"

"నాకే."

ప్రేమదాసు పెన్ను కింద పెట్టాడు. "అమ్మా, మీ మేలు కోరి చెబుతున్నా. ఆ లైనుని పట్టించుకునేవాడు లేడు. ఒకసారి ఎక్కితే ఇంక దిగడానికి లేదు. ఉన్న చోటే ఉండిపోతారు."

"నా మొగుడున్న చోటేగా?"

ఆ ఫారం నింపడానికి నియమం ఏదీ అడ్డు రాలేదు. అనసూయ సంతకం చేసింది. మొగుడు యాభై మూడు, పెళ్లాం అరవై, ఇద్దరూ చిన్నపెట్టె. ఏడు మోడళ్లకి అయ్యగారికి అరవై, అమ్మగారికి అరవై ఏడు, అంతే తేడా. బండి దగ్గరికి వస్తూ ఆమె పెద్ద కంప్యూటరు మనిషెవరో ఎదురైతే కొంచెం గడ్డం ఎత్తి నడిచింది. సాంబమూర్తి అది చూసి పెళ్లైన ఇన్నేళ్లలో ఎప్పుడూ లేనంత గర్వపడ్డాడు.

ఆ వారమంతా డీటీపీ సెంటర్లో బయటి పని ఏదీ తీసుకోలేదు. సాంబమూర్తి పాత పెట్టె మీదే, కొత్తది కొనకుండా, కార్డు తయారుచేశాడు. ఏడు రంగులు, చుట్టూ బంగారు అంచు, పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఒక్క వత్తు చెదరలేదు. మధ్యలో పెద్ద అక్షరాలతో: చి.ల.సౌ. అనసూయ, చి. సాంబమూర్తి. అరవయ్యేళ్ల దాన్ని, నాకు చి.ల.సౌ. ఏంటండీ అని ఆమె నవ్వింది. మొదటిసారి కొట్టాల్సిన కార్డు ఇది, అప్పుడు నువ్వు చి.ల.సౌ. నే కదా అన్నాడు. ఆమె నవ్వు ఆపి, కార్డు మీద తన పేరుని వేలితో తడిమింది. సిరా ఇంకా ఆరలేదు, వేలికి అంటుకుంది. ఆ పూట ఆమె చెయ్యి కడుక్కోలేదు.

ముహూర్తం దగ్గర ఇలా వేశారు: "చిన్నపెట్టె ఇకమీదటి ఏడవ మోడల్ విడుదలైన శుభదినమున." విందు ఎక్కడో కూడా వేశారు. కాలవ అవతలి కల్యాణమండపం, వంతెన పూర్తికాగానే.

మొగుడూ పెళ్లాం ఇద్దరూ బొట్టు పెట్టి ఇంటింటికీ పంచారు. సుభానీ కార్డు చూసి కళ్లద్దాలు తుడుచుకుని, "నేనుండను మూర్తీ, మావాళ్లు వస్తార్లే," అన్నాడు, మామూలుగా. మిగతా ఊరంతా ఆదరంగా తీసుకుంది. ప్రతి ఇంట్లోనూ గోడకి కార్డులు గుచ్చే కమ్మీ ఒకటి ఉంటుంది. అందులో అప్పటికే వంతెన ప్రారంభోత్సవం కార్డు ఉంది, వంద పడకల ఆసుపత్రి కార్డు ఉంది, ఇళ్ల పట్టాల పంపిణీ కార్డు ఉంది, డిగ్రీ కాలేజీది ఉంది. అన్నీ సాంబమూర్తి కొట్టినవే, అన్నిటి మీదా తేదీ త్వరలో అనే ఉంది. వాటి పైన దీన్నీ గుచ్చారు. అన్నిట్లోకీ ఇదే అందంగా ఉందన్నారు.

భోజనాల్లో బూరెలుంటాయా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఎప్పుడని ఒక్కరూ అడగలేదు. అందరూ తప్పకుండా వస్తామన్నారు.